ఎర్ర బొడిపె, చదవగలిగే తెర: రెండు మార్పుల తర్వాత థింక్‌ప్యాడ్ టీ440పీ

లాప్‌టాప్‌ల ప్రకటనల్లో ప్రాసెసరు పేరు, మెమరీ, స్టోరేజీ పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. రోజంతా వేళ్లు తగిలే భాగం గురించీ, రోజంతా చూపు నిలిచే భాగం గురించీ మాత్రం చెరొక ముక్క చెప్పి ఊరుకుంటారు: “మల్టీటచ్ టచ్‌ప్యాడ్” అని ఒకటి, “ఫుల్ హెచ్‌డీ డిస్‌ప్లే” అని మరొకటి. నా పని అంతా అక్షరాలతోనే. రోజుకు ఏడెనిమిది గంటలు రాయడం, దిద్దడం, ప్రూఫులు సరిచూడడం తప్ప ఈ యంత్రంతో నేను చేసేదేమీ లేదు కాబట్టి, ప్రాసెసరు ఏ తరానిదన్నది నాకు మూడో ప్రశ్న. బాణం గుర్తును కదపాలంటే కీబోర్డు మీది నుంచి చెయ్యి తీయాలా అన్నది మొదటిది, సాయంత్రానికి కళ్లు మండుతాయా అన్నది రెండోది. ఈ రెండింటికీ తృప్తికరమైన జవాబు ఇచ్చే లాప్‌టాప్ కోసం చాలాకాలం వెతికి, చివరికి 2013లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ440పీని సెకండ్ హ్యాండ్‌లో కొని, దాని టచ్‌ప్యాడునూ తెరనూ మార్చుకున్నాను. పద్నాలుగు నెలలుగా అదే వాడుతున్నాను. ఈ సమీక్ష ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టీ440పీ గురించి కాదు, మార్పుల తర్వాత నా బల్ల మీద ఉన్న యంత్రం గురించి.

ముందుగా నా పక్షపాతం చెప్పేయాలి. కీబోర్డు నడుమ జీ, హెచ్, బీ మీటల మధ్య ఉండే ఎర్ర బొడిపెకు, అంటే ట్రాక్‌పాయింట్‌కు, అలవాటు పడిపోయిన చెయ్యి నాది. ఐబీఎంలో టెడ్ సెల్కర్, జోసెఫ్ రట్లెడ్జ్ కలిసి రూపొందించిన ఈ పరికరం 1992లో థింక్‌ప్యాడ్ 700తో పాటు జనంలోకి వచ్చింది. టైపు చేసే మనిషి కీబోర్డు నుంచి మౌసు మీదికి చెయ్యి మార్చడానికి ముప్పావు సెకను, తిరిగి రావడానికి దాదాపు మరో ముప్పావు సెకను పడుతుందన్న ఒక అధ్యయనం చదివినప్పుడు సెల్కర్‌కు ఈ ఆలోచన మొలిచిందంటారు. ముప్పావు సెకను ఏపాటిది అనిపించవచ్చు. కానీ దిద్దుబాటు పనిలో పేజీకి ఇరవై ముప్పై సార్లు కర్సరును ఒక మాట మీది నుంచి మరో మాట మీదికి తీసుకెళ్లాలి. ప్రతిసారీ చెయ్యి తన చోటు మళ్లీ వెతుక్కోవాలి. వెతుక్కునే తొందరలో వేలు పక్క మీట మీద పడితే, ఒక తప్పు దిద్దబోయి మరో తప్పు చేసినట్టవుతుంది. నేను నష్టపోయేది సెకన్లను కాదు, చదువుతున్న వాక్యపు దారాన్ని.

ఈ బొడిపె నిజానికి కదిలే వస్తువు కాదు. చిన్న కర్ర లాంటిది వీడియో ఆటల పరికరంలో లాగా అటూ ఇటూ వంగుతుందని చూడనివాళ్లు అనుకుంటారు గానీ, అది ఉన్నచోటే ఉంటుంది, దాని అడుగున ఉన్న స్ట్రెయిన్ గేజులు వేలి ఒత్తిడిని మాత్రమే కొలుస్తాయి. మెల్లగా అదిమితే బాణం మెల్లగా పాకుతుంది, కొంచెం బలం పెడితే తెర ఈ మూల నుంచి ఆ మూలకు దూకుతుంది. కొత్తవాళ్లు మొదటి వారం దీన్ని తప్పకుండా తిట్టుకుంటారు, ఎందుకంటే అందరూ మొదట చేసే పొరపాటు వేలిని బిగబట్టి నెట్టడం. చూపుడు వేలి కొసను బొడిపె మీది రబ్బరు టోపీ మీద ఊరికే ఆనించి, వెళ్లాల్సిన దిక్కుకు మనసులో అనుకున్నంత బలమే ఇవ్వడం అలవాటయ్యాక, చెయ్యి అసలు కదిలినట్టే తెలియదు. ఒక లోపం మాత్రం ఉంది: వేలు చాలాసేపు ఒకే వైపు అదిమి ఉంచితే, ఆ ఒత్తిడినే పరికరం సున్నాగా లెక్కవేసుకుంటుంది, వేలు తీశాక బాణం తనంతట తానే ఒక వైపు జారుతుంది. కాసేపు ముట్టకుండా వదిలేస్తే సర్దుకుంటుంది. తెలియనివాళ్లు దాన్ని ఆపబోయి ఎదురు నెట్టి మరింత చెడగొట్టుకుంటారు.

ఇలాంటి బొడిపె ఒకప్పుడు డెల్ లాటిట్యూడ్‌లలోనూ, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లలోనూ, తోషిబా యంత్రాల్లోనూ ఉండేది. క్రమంగా అందరూ మానేశారు. ఇప్పుడు కొత్త లాప్‌టాప్‌లో అది కావాలంటే దాదాపుగా థింక్‌ప్యాడే గతి. అందులోనూ 2025లో వచ్చిన ఎక్స్9 శ్రేణిలో దాన్ని తీసేశారు. అందుకే నేను ఒక నియమం పెట్టుకుని వెతికాను: మార్చుకోలేని దాన్ని చూసి యంత్రాన్ని ఎంచుకోవాలి, మార్చుకోగలిగిన దాన్ని తర్వాత మార్చుకోవాలి. బొడిపె కీబోర్డులో భాగం, దానికి సరిపడే కనెక్షన్ మదర్‌బోర్డు మీద ఉండాలి, కాబట్టి అది లేని లాప్‌టాప్‌కు తెచ్చి అతికించడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. తెర అలా కాదు; పరిమాణం, కనెక్టరు కలిస్తే ఒక గంట పని. చాలామంది దీనికి తలకిందులుగా, తెర అందాన్ని చూసి కొని, తర్వాత జీవితమంతా టచ్‌ప్యాడుతో కుస్తీ పడతారు.

మరి బొడిపె ఉన్న థింక్‌ప్యాడుల్లో టీ440పీయే ఎందుకు? చెప్పాలంటే, పాయింటింగ్ విషయంలో ఆ తరానిది మంచి పేరు కాదు. 2013లో వచ్చిన టీ440, ఎక్స్240, డబ్ల్యూ540 వంటి నమూనాల్లో, బొడిపె కింద దశాబ్దాలుగా ఉన్న మూడు బటన్లను తీసేశారు. టచ్‌ప్యాడు మొత్తాన్నీ నొక్కితే దిగే ఒకే పలకగా చేసి, దాని పై అంచునే బటన్లుగా భావించుకోమన్నారు. బొడిపెతో పనిచేసేవాడికి బటను ఎక్కడుందో బొటనవేలు చూడకుండానే కనుక్కోవాలి. నున్నటి పలక మీద ఎడమ, మధ్య, కుడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో వేలికి తెలిసే దారి లేదు. పైగా నొక్కినప్పుడు పలకంతా దిగుతుంది కాబట్టి, సన్నటి గీత మీద గురిపెట్టి నొక్కే పనుల్లో చెయ్యి కాస్త అదురుతుంది. ఆ ప్రయోగం ఎక్కువకాలం నిలవలేదు: 2015లో టీ450, ఎక్స్250 వంటి తర్వాతి నమూనాలతో మూడు బటన్లూ తిరిగి వచ్చాయి. ఆ కొత్త టచ్‌ప్యాడు పాతదాని చోట సరిగ్గా ఇమిడిపోతుందని వాడేవాళ్లు త్వరలోనే కనిపెట్టారు. ఒక తరం పొరపాటును తర్వాతి తరం విడిభాగంతో దిద్దుకోగలగడం లాప్‌టాప్‌ల లోకంలో అరుదు.

టీ440పీకి మరో గుణం ఉంది. అది సన్నబడాలన్న పిచ్చి పట్టని ఆఖరి యంత్రాల్లో ఒకటి. అడుగున రెండు స్క్రూలు వదులు చేసి మూత జరిపితే మెమరీ, డిస్కు, ఫ్యాను, చివరికి సాకెట్‌లో కూర్చున్న ప్రాసెసరు కూడా చేతికి అందుతాయి. బ్యాటరీ బయటి నుంచే ఊడుతుంది. తెరకు వెళ్లే తీగ 30 పిన్నుల ఈడీపీ రకానిది, అంటే తెరకు బొమ్మను పంపే కొత్త పద్ధతిది. తెర మార్పిడికి ఇదే కీలకం, ఎందుకంటే అంతకు ఒక్క ఏడాది ముందు వచ్చిన టీ430, ఎక్స్230 పాత ఎల్‌వీడీఎస్ పద్ధతిలో ఉంటాయి. వాటిలో ఫుల్ హెచ్‌డీ తెర పెట్టాలంటే డాకింగ్ కోసం (బల్ల మీది పరికరాలన్నిటినీ ఒకేసారి కలిపే పీట కోసం) ఉద్దేశించిన డిస్‌ప్లేపోర్ట్ సంకేతాన్ని దారి మళ్లించే చిన్న బోర్డు కొనాలి, కొన్ని రకాల బోర్డులకైతే మదర్‌బోర్డు మీద సాల్డరింగ్ కూడా చేయాలి. నా చేతికి సాల్డరింగ్ ఇనుము ఇవ్వడం ఎంత ప్రమాదమో ఇంట్లో అందరికీ తెలుసు.

టచ్‌ప్యాడు మార్పు పేరుకు చిన్నదే గానీ, యంత్రాన్ని దాదాపు పూర్తిగా విప్పాలి. బ్యాటరీ, డీవీడీ డ్రైవు, డిస్కు తీసి, అడుగు స్క్రూలన్నీ విప్పి, కీబోర్డు ఎత్తి, అరచేతులు ఆనే పలకను విడదీసి బోర్లించాలి. టచ్‌ప్యాడు దానికి లోపలి వైపు నుంచి బిగించి ఉంటుంది. స్క్రూలు ఒకే పొడవు కావు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే పైన ప్లాస్టిక్‌లో గుబ్బ లేస్తుంది. అందుకని నేను తెల్లకాగితం మీద యంత్రం అడుగు బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే కాగితంలో గుచ్చి పెట్టుకున్నాను. మొదటిసారి అంతా బిగించి ఆన్ చేసినప్పుడు బొడిపె చక్కగా పనిచేసింది, కీబోర్డు పనిచేసింది, మూడు కొత్త బటన్లు మాత్రం మొద్దుల్లా ఉన్నాయి. బటన్లు బొడిపెతో కాదు, టచ్‌ప్యాడు రిబ్బనుతో కలిసి ఉంటాయన్న సంగతి గుర్తొచ్చి, మళ్లీ విప్పి చూస్తే, గోరంత వెడల్పున్న ఆ రిబ్బను సాకెట్‌లో వెంట్రుకవాసి ఏటవాలుగా కూర్చుని ఉంది. చిన్న నల్ల తలుపును గోటితో ఎత్తి, రిబ్బను మీది తెల్ల గీత సాకెట్ అంచుకు సమాంతరంగా వచ్చేదాకా నెట్టి, తలుపు మూశాను. అంతే. విప్పడానికి ముక్కాలు గంట, పొరపాటుకు మరో గంట.

నేను పెట్టింది రెండో టచ్‌ప్యాడు. మొదట ఒక విక్రేత “అసలు భాగం” అని పంపినది చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, కానీ మధ్య బటను నొక్కడానికి రెండింతల బలం కావాల్సి వచ్చింది, మూడో రోజుకు కుడి బటను తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు చేసింది. పాడైన టీ450 నుంచి తీసిన పాత ముక్క దానికన్నా వెయ్యి రెట్లు నయమనిపించింది. ఈ విషయంలో నా సలహా స్పష్టం: కొత్తదన్న పేరుతో వచ్చే నకలు కన్నా, ఏళ్ల తరబడి వాడి నిగ్గు తేలిన అసలు భాగమే కొనాలి. అంచులు కాస్త మెరిసినా ఫరవాలేదు.

మధ్య బటను గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మార్పు విలువ అంతా అక్కడే ఉంది. దాన్ని బొటనవేలితో అదిమి పట్టి, చూపుడు వేలితో బొడిపెను కిందికి నెడితే పేజీ జరుగుతుంది. ఎంత నెడితే అంత వేగంగా, ఆపితే అక్కడే. చక్రం తిప్పినట్టు మూడు వరసలు, మూడు వరసలు అని గంతులు వేయదు. పొడవాటి ప్రూఫు చదివేటప్పుడు నేను దాన్ని చాలా తేలికగా అదిమి ఉంచుతాను, వరసలు నా చదువు వేగానికి సరిగ్గా పైకి పాకుతూ ఉంటాయి, రెండు చేతులూ కీబోర్డు మీదే ఉంటాయి, తప్పు కనబడిన క్షణాన బొటనవేలు ఎత్తితే చాలు. టచ్‌ప్యాడు మీద రెండు వేళ్లతో గీకడం దీనికి సాటిరాదు. మూడు బటన్లూ పనిచేయడం మొదలుపెట్టాక టచ్‌ప్యాడు స్పర్శను సాఫ్ట్‌వేరులోనే పూర్తిగా ఆపేశాను. ఇప్పుడది బటన్లకు ఆధారంగా ఉన్న పలక మాత్రమే.

లినక్స్‌లో ఈ స్క్రోలింగ్ ఏ అమరికా లేకుండానే వచ్చింది, ఎందుకంటే అందులో మౌసు, టచ్‌ప్యాడు వంటివాటిని నడిపే లిబ్‌ఇన్‌పుట్ ఇలాంటి బొడిపెలకు మధ్య బటను స్క్రోలింగును మొదటి నుంచే ఇస్తుంది. ఒత్తిడికి స్పందించే తీరును కూడా మార్చుకోవచ్చు: లినక్స్ అంతర్భాగమైన కెర్నెల్‌లో సెన్సిటివిటీ విలువ 128తో మొదలై 255 దాకా వెళ్తుంది, స్పీడు విలువ 97తో మొదలవుతుంది. నాకు 190, 110 దగ్గర కుదిరింది. యంత్రం తిరిగి ఆన్ అయిన ప్రతిసారీ ఇవి మొదటికి వస్తాయి కాబట్టి యూడెవ్ నియమం (ఆ విలువలను తానే తిరిగి పెట్టే చిన్న ఫైలు) ఒకటి రాసి పెట్టుకోవాలి. విండోస్ వాడేవాళ్లు మాత్రం పాత డ్రైవరును వదిలించుకుని కొత్త టచ్‌ప్యాడుకు తగ్గ డ్రైవరు ఎక్కించుకోవాల్సి రావచ్చు, లేకపోతే పై అంచునే ఇంకా బటన్లుగా ఊహించుకునే పాత అలవాటు పోదు. అసలు ఈ యంత్రంలో విండోస్ సంగతే సందేహంలో పడింది: విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఇందులో ఉన్న నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లను అధికారికంగా అంగీకరించదు. లినక్స్‌కు రాదలచుకోని వాళ్లు టీ440పీ కొనకపోవడమే మంచిది.

టోపీ చిన్న విషయమే గానీ వేలికి తెలుస్తుంది. ఇందులో మూడు రకాలు దొరుకుతాయి: గుండ్రంగా ఉబ్బి గరుకుగా ఉండే పాత రకం, ఉబ్బుగానే ఉండి మెత్తగా ఉండేది, నడుమ గుంటపడి అంచు లేచి ఉండే సాఫ్ట్ రిమ్. నాకు మూడోదే నచ్చింది, వేలి కొస ఆ గుంటలో కూర్చుంటుంది, బలం పెట్టకుండానే జారదు. కొత్త సన్నటి థింక్‌ప్యాడుల టోపీలు పొట్టివి, వీటికి కుదరవు. కొనేటప్పుడు ఎత్తు చూసుకోవాలి.

ఇక తెర. నేను కొన్న యంత్రంలో 1366×768 పిక్సెళ్ల టీఎన్ ప్యానెల్ (చౌక రకం ఎల్‌సీడీ తెర) ఉంది. 14 అంగుళాల మీద అది అంగుళానికి 112 పిక్సెళ్లు. ఆంగ్ల అక్షరాలతో పనిచేసేవాళ్లు దీనితో ఎలాగో సర్దుకుంటారు. తెలుగు అక్షరానికి అది చాలదు. మన లిపిలో అర్థం మోసేది తరచుగా ఒక చుక్క, ఒక కొక్కెం. ధ, థ అక్షరాలకు తేడా లోపలి చుక్క మాత్రమే. ప, వ రెండింటికీ తేడా తలకట్టు అతికిందా విడిపోయిందా అన్న సన్నటి సందు. మామూలు పరిమాణంలో రాసిన “స్వార్థం”లో రకారం కిందున్న థావత్తు ఆ తెర మీద బూడిదరంగు ముద్దలా కనిపించేది. అందులో చుక్క ఉందో లేదో తేల్చుకోవడానికి ప్రతిసారీ పేజీని పెద్దది చేయాలి. ప్రూఫు చూసేవాడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? 1920×1080 ప్యానెల్‌లో అంగుళానికి 157 పిక్సెళ్లు వస్తాయి. అదే మాట, అదే పరిమాణంలో, చుక్కతో సహా చదవవచ్చు. పదిహేను నిమిషాల్లోనే తేడా తెలిసింది. నిజం చెప్పాలంటే, మొదటి రోజు నేను పాత ఫైళ్లు తెరిచి, ఇంతకు ముందు వదిలేసిన తప్పులు ఎన్నో లెక్కపెడుతూ కూర్చున్నాను.

టీఎన్‌కు రెండో జబ్బు చూపు కోణం. వెనక్కి వాలి కూర్చుంటే తెర పైభాగం నల్లబడుతుంది, కింది భాగం వెలిసిపోతుంది, నిటారుగా కూర్చుంటే సరిపోతుంది. మనిషి వెన్ను అంత క్రమశిక్షణ కలది కాదు. కొత్తగా పెట్టిన ఐపీఎస్ ప్యానెల్‌తో (ఏ కోణం నుంచి చూసినా రంగు మారని రకం) ఈ బాధ పోయింది, పక్కన కూర్చున్నవాళ్లు కూడా నేను చూసే రంగులే చూస్తారు.

ప్యానెల్ కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పడం అవసరం, ఎందుకంటే అమ్మేవాళ్లు “14 అంగుళాల ఐపీఎస్” అని మాత్రమే రాసి ఊరుకుంటారు. 30 పిన్నుల కనెక్టరేనా అన్నది మొదటి ప్రశ్న. స్పర్శ తెరల్లో, ఎక్కువ వేగంతో తాజా అయ్యే తెరల్లో 40 పిన్నులవి ఉంటాయి, అవి ఇక్కడ కుదరవు. పక్కన స్క్రూలు బిగించడానికి చెవులు ఉన్నాయా అన్నది రెండోది. ఇప్పుడొచ్చే సన్నటి ప్యానెళ్లకు అవి ఉండవు, అలాంటివి తెస్తే రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టుకోవాలి. ఆ తర్వాత రంగుల విస్తృతి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీల నాటి రంగుల కొలమానం) అని రాసి ఉంటే ఎరుపు ఇటుక రంగులో కనిపిస్తుంది; 72 శాతం ఉంటే కంప్యూటరు తెరల మామూలు రంగుల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీకి దాదాపు పూర్తిగా సమానం. అక్షరాలు చదివేవాడికి రంగులెందుకని అనుకోవచ్చు, కానీ 72 శాతం ప్యానెళ్లలో తెలుపు సాధారణంగా శుభ్రమైన తెలుపుగా ఉంటుంది, ఆ తేడా కళ్లకు తెలుస్తుంది. వెలుగు 300 నిట్లు (తెర వెలుగును కొలిచే లెక్క) ఉంటే గది లోపల చాలు, కిటికీ వైపు తిరిగి కూర్చునేవాళ్లు 400 వెతకాలి. మెరిసే గాజు పూత ఉన్నది వద్దే వద్దు. దానిలో వాక్యాలకన్నా మన మొహమే ఎక్కువ కనబడుతుంది.

నేను ఇన్ని చూసుకుని తెప్పించినా మొదటి ప్యానెల్ తప్పుదే వచ్చింది. జాబితాలో రాసిన నంబరు ఒకటి, వెనక స్టిక్కరు మీది నంబరు మరొకటి. అమ్మినవాళ్లు “రెండూ ఒకటేనండీ, మేమే వాడతాం” అన్నారు. పెట్టి చూస్తే ఎర్ర గులాబీ ఫోటో ఎండిపోయిన మందారంలా కనబడింది. తిరిగి పంపడానికి రెండు వారాలు పట్టింది. అప్పటి నుంచి కొనబోయే ముందే వెనక స్టిక్కరు ఫోటో అడుగుతున్నాను. ఫోటో పంపడానికి నసిగే విక్రేత దగ్గర కొనను.

బిగించడం మాత్రం నిజంగా తేలిక. బ్యాటరీ తీసి, చుట్టూ ఉన్న నల్ల చట్రాన్ని ప్లాస్టిక్ పలకతో అంచున మెల్లగా లేపుతూ క్లిప్పులు ఒక్కొక్కటే వదిలించాలి. నేను తొందరపడి ఒకటి విరగ్గొట్టాను. చట్రం ఇప్పటికీ ఎడమ కింది మూలలో కాగితం మందాన లేచే ఉంటుంది. స్క్రూలు తీసి ప్యానెల్‌ను కీబోర్డు మీదికి బోర్లించి, కనెక్టరు మీది టేపు ఊడదీసి, పాతది తప్పించి కొత్తది పెట్టాలి. చట్రం తిరిగి మూసేముందు ఒకసారి ఆన్ చేసి, నల్లటి బొమ్మ, తెల్లటి బొమ్మ, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటే తెర నిండా పెట్టి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో వెతకాలి, ఎందుకంటే మూశాక కనిపెడితే మళ్లీ ఆ క్లిప్పులతో యుద్ధం. వెలుగును కనిష్ఠానికి తగ్గించి ఫోను కెమెరాలో చూడడం కూడా అప్పుడే చేయాలి. కొన్ని ప్యానెళ్లు వెనక దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గిస్తాయి. కంటికి అది కనబడదు గానీ కెమెరాలో నల్ల చారలు పాకుతాయి, రాత్రి పనిచేసేవాళ్లలో కొందరికి తలనొప్పి అక్కడి నుంచే వస్తుంది. నాది చారల్లేకుండా ఉంది.

అయినా ఈ యంత్రాన్ని అందరికీ సిఫారసు చేయను. రెండు కిలోలకు పైనే బరువు, భుజానికి తగిలించుకుని తిరిగేవాళ్లకు శిక్షే. యూఎస్‌బీ-సీ లేదు, కాబట్టి ఛార్జరు దాని సొంతదే మోయాలి. మెమరీ 16 జీబీని మించదు. తెర 16:9 నిష్పత్తిలో ఉంటుంది. 2021 నుంచి థింక్‌ప్యాడుల్లో విస్తరించిన 16:10 తెరలు, అంటే 1920×1200, పేజీకి మరో నాలుగైదు వరసలు చూపిస్తాయి, ఆ సుఖం ఇక్కడ రాదు. స్పీకర్ల గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

కొత్తది కొనే శక్తీ, విప్పే ఓపిక లేకపోవడమూ రెండూ ఉన్నవాళ్లకు టీ14 వంటి నమూనాలు మెరుగు. బొడిపె ఉంటుంది, మూడు బటన్లూ ఉంటాయి, 2022లో వచ్చిన మూడో తరం నుంచి తెర 16:10. కానీ అక్కడ ప్యానెల్ ఎంపిక ఆర్డరు చేసేటప్పుడే జరగాలి. ఒకే నమూనా పేరుతో 45 శాతం రంగుల మసక తెరా వస్తుంది, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న మంచి తెరా వస్తుంది. రెంటికీ బయట తేడా ఏమీ కనబడదు. దుకాణంలో సిద్ధంగా ఉన్నది కొంటే చాలాసార్లు మొదటిదే దొరుకుతుంది. తర్వాత మార్చుకుందామంటే తీగలో పిన్నుల సంఖ్య వేరుగా ఉండి తీగతో సహా మార్చాల్సి రావచ్చు. ఓలెడ్ తెర ఎంచుకోబోయేవాళ్లు ముందు ఒకసారి దాని మీద పేజీ నిండా చిన్న అక్షరాలు చదివి చూడాలి. నలుపు అద్భుతంగా ఉంటుంది, కానీ కొన్ని ఓలెడ్‌లలో ఉపపిక్సెళ్ల (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, పచ్చ, నీలం భాగాల) అమరిక వేరుగా ఉండి అక్షరాల అంచులకు రంగు నీడలు పడతాయి.

ఇప్పుడున్న లాప్‌టాప్ తెర నచ్చి, టచ్‌ప్యాడు మాత్రమే నచ్చనివాళ్లకు ఇంకో దారి ఉంది: 2020లో వచ్చిన ట్రాక్‌పాయింట్ కీబోర్డ్ 2. బొడిపె, మూడు బటన్లు దానిలోనే ఉంటాయి, బ్లూటూత్‌తో గానీ చిన్న రిసీవరుతో గానీ కలుస్తుంది. నేను టీ440పీ కొనకముందు ఒక మిత్రుడి దగ్గర తెచ్చుకుని నెలరోజులు వాడాను. బల్ల దగ్గర బాగుంది. ఒళ్లో పెట్టుకుని రాసేవాడికి మాత్రం కుదరదు, లాప్‌టాప్ మీద లాప్‌టాప్ పెట్టినట్టు ఉంటుంది.

పద్నాలుగు నెలల వాడకంలో రెండు టోపీలు అరిగాయి, మూడోది నడుస్తోంది. కింది అంచున ఎడమ మూల నుంచి కొంచెం వెలుగు కారుతుంది, చీకటి గదిలో నల్లటి తెర పెడితేనే తెలుస్తుంది. అది బహుశా నేను విరగ్గొట్టిన క్లిప్పు పుణ్యమే. దాని కోసం చట్రాన్ని మళ్లీ లేపే ధైర్యం నాకు లేదు. మిగిలిన క్లిప్పులన్నీ ఇంకా నా మాట వింటున్నాయి.